గేరు విరిగింది కదా అని ఇంకా గట్టిది చేయించే ముందు

రోబోల పోరాట పోటీలుండే ముంబయి ఐఐటీ టెక్‌ఫెస్ట్ జరిగేది డిసెంబరులో. అందుకే నవంబరు రాగానే హైదరాబాద్ బాలానగర్‌లో గేర్లు కోసే షెడ్ల ముందు ఇంజినీరింగ్ పిల్లలు కనిపిస్తారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో గ్రీజు అంటుకున్న, పళ్ళు ఊడిన గేర్లు. "అన్నా, దీనికంటే గట్టిది చేసివ్వండి" అంటారు. ఆ మాట వింటే నాకు దిగులేస్తుంది. పోరాట రోబోల గేరుబాక్సుల్లో నేను చూసిన కొత్త భాగాల్లో మెత్తబడి పోయినవి తక్కువ. లోపలిదాకా గట్టిపడి గాజులా పగిలినవే ఎక్కువ.

ముందుగా, విరిగిన ముక్కను పారేయకండి. కిరోసిన్‌తో కడిగి వెలుతురులో భూతద్దం పెట్టి చూడండి. విరిగిన ముఖమంతా గరుకుగా, పంచదార పలుకుల్లా మెరుస్తుంటే ఒకే దెబ్బకు పోయిందని అర్థం. కొంత భాగం నున్నగా ఉండి, దాని మీద తడి ఇసుకలో అలలు వదిలిన గీతల్లాంటివి కనిపిస్తే, సన్నని బీట ఒకటి చాలా రోజులుగా పాకుతూ వచ్చిందన్నమాట. పళ్ళు ఒక అంచునే అరిగాయంటే దోషం గేరుది కాదు. షాఫ్టు వంగి ఉంటుంది, లేదా బేరింగు వదులై ఉంటుంది. ఎంత మంచి ఉక్కుతో చేయించినా కొత్త గేరూ ఆ అంచునే అరుగుతుంది.

కొలతల్లో మోసపోయేది చిన్న గేర్ల దగ్గరే. మాడ్యూల్ (పన్ను పరిమాణం చెప్పే అంకె) 1, పళ్ళు 12 ఉంటే బయటి వ్యాసం 14 మిల్లీమీటర్లు రావాలి. వెర్నియర్ 14.5 చూపిస్తే కొలత తప్పని కొట్టేయకండి. పన్ను వాలు (ప్రెషర్ యాంగిల్) 20 డిగ్రీలుండే గేరుకు పళ్ళు 17 కంటే తక్కువైతే పన్ను మొదలు కోసుకుపోయి సన్నబడుతుంది. అది జరగకుండా తయారీదారులు పళ్ళను కాస్త బయటికి జరిపి కోస్తారు. పళ్ళు లెక్కపెట్టి మామూలు లెక్కన కోయిస్తే జత గేరుతో సరిగా కూర్చోదు. అందుకే జత గేరును కూడా షెడ్డుకు తీసుకెళ్ళండి.

ఇక హీట్ ట్రీట్‌మెంట్, అంటే కొలిమిలో కాల్చి ఉక్కును గట్టిపరచడం. ఇక్కడ ఎంత జాగ్రత్తపడినా తక్కువే. కిందటి ఏడాది ఒక జట్టు పైపొర మాత్రమే గట్టిపరిచే ఈఎన్ 353 రకం ఉక్కుతో సన్ గేరు (ప్లానెటరీ గేరుబాక్సులో నడిమి గేరు) ఎంతో శ్రద్ధగా చేయించుకుంది. హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్ళు దాన్ని పెద్ద గేర్ల తట్టలోనే పెట్టి అంతసేపూ కొలిమిలో ఉంచారు. గట్టి పొర 0.8 మిల్లీమీటర్ల లోతు వచ్చింది. మాడ్యూల్ 1 పన్ను మందం నడిమిన 1.57 మిల్లీమీటర్లే. రెండు వైపుల నుంచీ లెక్కవేయండి, లోపల మెత్తని గుండె మిగలలేదు. మొదటి ఢీకే మూడు పళ్ళు రాలిపోయాయి. ఆ పిల్లల ముఖాలు నాకు ఇంకా గుర్తే. పైపొర గట్టిదనం 58 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ కొలత) ఉండాలి, లోతు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటగా చెప్పి రాకండి. అదే ఉక్కు ముక్క ఒకటి గేరుతోపాటు పెట్టించి, దాన్ని కోసి లోతు చూడమనండి.

అంత వ్యవధి లేకపోతే ముందే హార్డెనింగ్, టెంపరింగ్ (గట్టిపరచి, పెళుసుదనం తగ్గించడం) అయిన ఈఎన్ 24 ఉక్కును వైర్ కట్‌లో, అంటే కరెంటు తీగతో కోసే యంత్రం మీద, కోయించడం మేలని నా అభిప్రాయం. కోశాక మళ్ళీ కొలిమికి వెళ్ళదు కాబట్టి వంకరపోదు. అయితే తీగ నిప్పురవ్వలతో కోసిన చోట పలుచని పెళుసు పొర మిగులుతుంది. రెండోసారి, మూడోసారి సన్నగా కోయించి దాన్ని తీయించండి.

కీవే (గేరు షాఫ్టు మీద జారకుండా కీ కూర్చునే గాడి) మూలలు, షాఫ్టు మెట్లు పదునుగా వదలకండి. బీట మొదలయ్యేది అక్కడే. సన్ గేరు చుట్టూ తిరిగే ప్లానెట్ గేర్లు మూడింటినీ ఒకేసారి మార్చండి. పాతవాటి మధ్య ఒక్క కొత్తది పెడితే బరువంతా దానిమీదే పడుతుంది. ప్లానెట్ గేర్లను పట్టుకునే క్యారియర్ పిన్నులు మాత్రం లేత్ మీద తిప్పుకోవద్దు, గ్రైండింగ్ చేసిన గట్టి డోవెల్ పిన్నులు (కచ్చితమైన కొలతకు చేసిన ఉక్కు కడ్డీలు) సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొనుక్కోండి.

లేత్ దగ్గర చేతి తొడుగులు, వేలాడే చున్నీ, పొడుగు చేతుల చొక్కా వద్దు. గేరుబాక్సు విప్పే ముందు బ్యాటరీ తీగ ఊడదీసి బల్ల మీద, అందరికీ కనిపించేలా పెట్టండి. స్విచ్ ఆపామన్న ధీమా చాలదు.

బిగించాక పళ్ళకు మార్కర్ సిరా పూసి చేత్తో తిప్పండి. సిరా పన్ను నడిమిన చెరిగితే సరే, ఒక పక్కనే చెరిగితే విప్పి మళ్ళీ కూర్చండి. తరువాత చక్రాలు నేలకు తగలకుండా ఎత్తిపెట్టి పది నిమిషాలు మెల్లగా తిప్పండి. ఆ గ్రీజులో ఉక్కు రజను ఉంటుంది. దాన్ని పూర్తిగా తుడిచి కొత్తది పెట్టండి.

పోటీకి వెళ్ళేటప్పుడు విడి గేర్లు చాలవు. పూర్తిగా బిగించి, ఇలాగే తిప్పి చూసిన గేరుబాక్సు ఇంకొకటి పెట్టెలో ఉండాలి. రెండు పోరాటాల మధ్య దొరికే కాస్త సమయంలో నాలుగు బోల్టులు విప్పగలరు కానీ, బేరింగు ఎక్కించలేరు.