విమానానికి 13బి రోటరీ: ముందు డ్రైవ్ తేల్చుకోండి, తర్వాత రేడియేటర్

సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు మాజ్దా 13బి ఇంజన్ పెడదామనుకోగానే అడిగే మొదటి ప్రశ్న "ఎంత రేడియేటర్ సరిపోతుంది?" అని. నిజానికి అది రెండో ప్రశ్న. ప్రొపెల్లర్‌ని ఏ నిష్పత్తిలో తిప్పుతారన్నది మొదటిది. అది తేలితేనే ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎంలో తిరగాలో తెలుస్తుంది, అది తెలిస్తేనే ఎంత వేడిని బయటికి తోలాలో లెక్క కుదురుతుంది. (రోటరీ అంటే ఇక్కడ మొదటి ప్రపంచ యుద్ధంలో సిలిండర్లతో సహా గిరగిరా తిరిగిన నోమ్, లె రోన్ ఇంజన్లు కాదు. ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8 కార్లలో వచ్చిన, పిస్టన్లకి బదులు మూడు మూలల రోటర్లు తిరిగే వాంకెల్ ఇంజన్.)

టర్బో లేని 13బి నుంచి 160 హార్స్‌పవర్ పైన రావాలంటే 6000 ఆర్‌పీఎం దగ్గర తిప్పాలి. 72 అంగుళాల ప్రొపెల్లర్‌ని నేరుగా షాఫ్ట్‌కి బిగించి అదే వేగంతో తిప్పితే రెక్క కొస సెకనుకి 570 మీటర్లు దాటిపోతుంది. ధ్వని వేగమే 340. పోనీ 2700 దగ్గరే నడుపుకుందాం అంటారా, టార్క్ 190 న్యూటన్ మీటర్లు వేసుకున్నా వచ్చేది 72 హార్స్‌పవరే. కాబట్టి డైరెక్ట్ డ్రైవ్ మాట మర్చిపోండి, రిడక్షన్ (ఇంజన్ వేగాన్ని తగ్గించి ప్రొపెల్లర్‌కి ఇచ్చే డ్రైవ్) తప్పదు.

హోమ్‌బిల్ట్ వాళ్ల దగ్గర ఎక్కువగా వినిపించేవి 2.17, 2.85 నిష్పత్తులు. ప్రొపెల్లర్ 2700 దగ్గర తిరగాలంటే మొదటిదానితో ఇంజన్ 5860 దగ్గర ఉంటుంది, రెండోదానితో 7700 దగ్గర. రెండోది తీసుకుంటే పెద్ద ప్రొపెల్లర్‌ని నెమ్మదిగా తిప్పవచ్చు, టేకాఫ్‌లో లాగుడు బాగుంటుంది. కానీ 13బి షాఫ్ట్ ఒక్కసారి తిరిగితే 1308 సీసీ గాలి మింగుతుంది, 6000 నుంచి 7500కి వెళ్తే పాతిక శాతం ఎక్కువ గాలి, అంతే ఎక్కువ పెట్రోలు, దాదాపు అంతే ఎక్కువ వేడి. 2.85 డ్రైవ్ కొని, 2.17 వాడిన విమానం నుంచి రేడియేటర్ కొలతలు దించుకోవడం నేను చూసిన తప్పుల్లో అతి మామూలుది.

డ్రైవ్ రకం విషయానికొస్తే నా ఓటు ప్లానెటరీ గేర్లకే (మధ్య గేరుకీ బయటి పళ్ల రింగుకీ నడుమ చిన్న గేర్లు తిరిగేవి). ప్రొపెల్లర్ ఇంజన్ షాఫ్ట్ గీతలోనే ఉంటుంది, బయటి రింగు కదలకుండా బిగిస్తే తిరిగే దిశ మారదు, చిన్నగా ఇముడుతుంది. రెండు మామూలు గేర్లు పక్కపక్కన పెడితే దిశ తిరగబడుతుంది, ప్రొపెల్లర్ కొనేముందే అది చూసుకోవాలి. పళ్ల బెల్టు కూడా చెడ్డదేం కాదు, ష్లైకర్ ఏఎస్‌హెచ్ 26ఈ గ్లైడర్‌లో చిన్న వాంకెల్ ఇంజన్ విమానం పొట్టలోనే ఉండి బెల్టుతోనే పైన ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. కాకపోతే 160 హార్స్‌పవర్‌కి బెల్టు వెడల్పు పెరుగుతుంది, దాని బిగువు షాఫ్ట్‌ని ఎప్పుడూ ఒక పక్కకి లాగుతుంటుంది, ఆ బరువు మోయడానికి అదనంగా బేరింగ్ కావాలి. ఏ రకమైనా సరే, ప్రొపెల్లర్ ముందుకి లాగే బలాన్ని, విమానం తిరిగేటప్పుడు వచ్చే గైరో బలాన్ని డ్రైవ్ పెట్టెలోని బేరింగులే మోయాలి. కారు ఇంజన్ షాఫ్ట్‌ని దానికోసం చేయలేదు.

ఇంజన్‌కీ గేర్లకీ మధ్య రబ్బరు బుష్‌ల కప్లింగ్ తీసేసి బరువు తగ్గిద్దామని మాత్రం అనుకోవద్దు. దాన్ని మెత్తగా ఉంచేది షాఫ్ట్ మెలితిరుగుతూ అదిరే అదురు బాగా పెరిగిపోయే వేగం (రెజొనెన్స్) ఐడిల్ వేగం కంటే కిందికి పోవాలని. స్టార్ట్ చేసినప్పుడు ఒక్క క్షణం గడగడలాడి దాటిపోతుంది, ఐడిల్‌లో కూడా ఆ గడగడ వినిపిస్తుంటే ఆర్‌పీఎం పెంచుకోండి, లేకపోతే గేరు పళ్లు దెబ్బలు తింటూనే ఉంటాయి.

ఇప్పుడు వేడి. 160 హార్స్‌పవర్ అంటే 120 కిలోవాట్లు. కూలంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు), ఆయిల్ కలిపి గాలికి ఇవ్వాల్సిన వేడి కూడా దాదాపు అంతే ఉంటుంది, లెక్కకి 100 కిలోవాట్లు అనుకోండి. అందులో సుమారు మూడో వంతు ఆయిల్‌ది! పిస్టన్ ఇంజన్ అలవాటుతో వచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. రోటర్ లోపలికి నీళ్లు పోవు, షాఫ్ట్‌లోని జెట్ల నుంచి చిమ్మే ఆయిలే దాన్ని చల్లబరుస్తుంది. పైగా ప్లానెటరీ డ్రైవ్‌కి ఇంజన్ ఆయిలే పోస్తే గేర్ల రాపిడి వేడి కూడా అందులోనే కలుస్తుంది. అందుకే కౌలింగ్‌లో (ఇంజన్‌ని కప్పే తొడుగులో) మంచి గాలి తగిలే చోటు ముందు ఆయిల్ కూలర్‌కి ఇచ్చి, మిగిలిన చోట రేడియేటర్ సర్దండి.

గాలి 40 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుందనుకుంటే 100 కిలోవాట్లకి సెకనుకి రెండున్నర కిలోల గాలి కావాలి, అంటే రెండు ఘనపు మీటర్ల పైమాటే. క్లైంబ్‌లో, అంటే పైకి ఎక్కేటప్పుడు, సెకనుకి 45 మీటర్ల వేగంతో వెళ్తుంటే గాలి వచ్చే నోళ్లు అన్నీ కలిపి 460 చదరపు సెంటీమీటర్లు, నష్టాలు కలుపుకుని 550 పెట్టుకోండి. కోర్ (రేడియేటర్‌లో గాలి దూరిపోయే జాలీ భాగం) ముఖం దానికి మూడు నాలుగు రెట్లు ఉండాలి, మధ్యలో గాలిని తీసుకెళ్లే డక్ట్ మెల్లగా వెడల్పు అవ్వాలి. నోరు పెద్దది చేస్తే చల్లబడుతుందనేది భ్రమ. గాలి పోయే దారి ఇరుకైతే ముందు ఎంత పెద్ద నోరు పెట్టినా లాభం లేదు, కౌల్ ఫ్లాప్ (కౌలింగ్ వెనక తెరిచి మూసే తలుపు) పెట్టి వెనక దారి తెరవండి.

ఇది ఊహించక్కర్లేదు, కొలవవచ్చు. ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని చెక్క మీద యూ ఆకారంలో వంచి, రంగు నీళ్లు పోసి, ఒక కొస కోర్ ముందు, ఇంకో కొస కోర్ వెనక పెట్టండి. 45 మీటర్ల వేగంలో గాలి ఇవ్వగలిగిన మొత్తం ఒత్తిడి సుమారు 12 సెంటీమీటర్ల నీళ్లు. అందులో సగం కూడా కోర్ దగ్గర కనిపించకపోతే రేడియేటర్‌ని తిట్టుకోవద్దు, డక్ట్ సీళ్లు చూడండి. మేం కౌలింగ్‌కీ కోర్‌కీ మధ్య వేలు పట్టేంత సందు ఫోమ్‌తో మూశాక నీళ్ల మట్టం కళ్ల ముందే లేచింది.

నీళ్ల వైపు ఒక్క తప్పు మాత్రం తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అది మేం చేసిందే. థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్ వైపు తెరుచుకునే వాల్వు) తీసేస్తే కూలంట్ ఇంకా బాగా పారుతుందని తీసేశాం. టెక్సాస్ ఎండలో హ్యాంగర్ బయట రన్ చేస్తే ఉష్ణోగ్రత సూది ఎక్కుతూనే ఉంది, రేడియేటర్ కింది గొట్టం మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది! మాజ్దా థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని కింది పళ్లెం బైపాస్ రంధ్రాన్ని మూస్తుంది. అది లేకపోవడంతో వేడి నీళ్లు రేడియేటర్‌కి పోకుండా మళ్లీ పంపులోకే తిరుగుతున్నాయి. థర్మోస్టాట్ తీస్తే ఆ రంధ్రానికి ప్లగ్ కొట్టాల్సిందే. హెడర్ ట్యాంక్‌ని (కూలంట్ నింపే, గాలి బుడగలు చేరే చిన్న ట్యాంకు) సిస్టమ్ మొత్తానికి ఎత్తైన చోట పెట్టండి, ఇంజన్ మీద గాలి నిలిచే ప్రతి మూల నుంచి దానికి సన్నటి గొట్టం లాగండి. అల్యూమినియం హౌసింగ్, పోత ఇనుము సైడ్ ప్లేట్లు ఒక్కలా వ్యాకోచించవు కాబట్టి ఒక్కసారి బాగా వేడెక్కినా వాటి మధ్య నీటి సీళ్లు పోతాయి, మొత్తం ఇంజన్ విప్పాలి.

వేడి తగ్గకపోతే కోర్ వెనక గాలి ఉష్ణోగ్రత చూడండి. అది కూలంట్‌కి దగ్గరగా ఉంటే గాలి తక్కువ పోతోందని అర్థం. చల్లగా ఉంటే గాలి సరిపడా ఉంది, నీళ్లే కోర్‌లోకి సరిగా రావడం లేదు.

నేల మీద పది నిమిషాలు నిలకడగా ఉందంటే క్లైంబ్‌లో ఉంటుందని కాదు. అమెరికాలో సర్టిఫికేట్ లేని ఇలాంటి ఇంజన్‌కి మామూలుగా 40 గంటల టెస్ట్ ఫ్లైట్ ఇస్తారు. మొదటి కొన్ని గంటలు దూరం పోకుండా రన్‌వేకి పైన గాల్లోనే చక్కర్లు కొట్టండి, చల్లటి పొద్దుటిపూటే మొదలుపెట్టండి. నేను ఆయిల్‌కి 95 డిగ్రీల దగ్గర గీత పెట్టుకున్నాను. అది తగిలితే ముక్కు దించి, పవర్ తగ్గించి, వేగం పెంచుకుని, సూది దిగేదాకా మళ్లీ పైకి వెళ్లను.