ఏళ్ల తరబడి బరువులెత్తాలంటే: ఒక కండక్టరు లెక్క

కనుమ వెళ్లిన మర్నాటి నుంచి మా విజయనగరం జిమ్ములు కిటకిటలాడతాయి. కొత్త బూట్లు, కొత్త బనియన్లు, అద్దం ముందు ఫొటోలు. శివరాత్రికి సగం మంది కనబడరు. ఎండలు ముదిరేసరికి ఎప్పుడూ ఉండే నలుగురమే మిగులుతాం. మానేసినవాళ్లను సోమరులని అనడానికి నాకు నోరు రాదు. వారిలో చాలామందికి నాకంటే పట్టుదల ఎక్కువ. దాన్నంతా మొదటి నెలలోనే ఖర్చు చేసేస్తారు, అంతే.

నేను ఆర్టీసీ కండక్టర్ని. వయసు నలభై దాటింది. తెల్లవారుజాము డ్యూటీలు, రాత్రి డ్యూటీలు, నైట్ హాల్టులు అన్నీ ఉన్న ఉద్యోగం. వారానికి మూడుసార్లు బరువులెత్తుతాను, ఏళ్లుగా. ఇన్నాళ్లలో నాకు నమ్మకం కుదిరిన సంగతి ఒకటుంది. రోజూ మనసును బతిమాలుకుని వెళ్లేవాడు ఎక్కువ కాలం వెళ్లడు. మనసుతో బేరం పెట్టే అవసరమే రాకుండా ముందుగా ఏర్పాట్లు చేసుకోవాలి. పట్టుదలేదో ఆ ఏర్పాట్ల మీద చూపించాలి. పోటీలకు వెళ్లే కుర్రాళ్లకు వాళ్ల కోచ్‌లు ఉన్నారు. ఇది ఉద్యోగం, పిల్లల ఫీజులు, ఇంటి అప్పు ఉన్నవారి కోసం రాస్తున్నాను.

వేళ

‘రోజూ ఉదయం ఐదింటికి లేస్తాను’ అనే ప్రతిజ్ఞ షిఫ్టుల ఉద్యోగికి పనికిరాదు. ఎలాగూ తప్పక జరిగే పని ఒకటి చూసుకుని వ్యాయామాన్ని దానికి ముడిపెట్టండి. నా విషయంలో అది క్యాష్ కట్టడం. డ్యూటీ దిగగానే డిపోలో టికెట్ మిషన్ అప్పజెప్పి, నోట్లు సర్ది, చిల్లర లెక్కపెట్టి కట్టేస్తాను. ఆ కౌంటర్ దగ్గర నుంచి నడక నేరుగా జిమ్‌కే. బట్టల సంచి పొద్దున్నే నాతోపాటు వస్తుంది. ఇంటికి వెళ్లి, కాస్త మొహం కడుక్కుని వద్దామనుకున్నామా, అంతే సంగతులు. కంచం, ఆ తర్వాత మంచం. టీచర్లకు చివరి గంట, కొట్టు నడిపేవారికి షట్టరు దించడం, గృహిణులకు పిల్లల్ని బడి బస్సు ఎక్కించడం, ఎవరి ముడి వారికి దొరుకుతుంది.

అడ్డంకులు ఎలాగూ వస్తాయి కాబట్టి వాటికి జవాబు కూడా ముందే రాసి పెట్టుకోండి. ‘ఇలా జరిగితే అలా చేస్తాను’ అని, కాగితం మీద. నా కాగితంలో ఉన్నవి ఇవి. బండి ఆలస్యమై రాత్రి తొమ్మిది దాటితే స్క్వాట్ (రాడ్డు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) ఒక్కటి చేసి ఇంటికి వెళ్లిపోతాను. నైట్ హాల్టు పడితే, ఆ ఊళ్లో బస్సు నిలిపి డ్రైవరు గారు క్యారేజీ విప్పేలోపు బస్సు పక్కనే దండీలు, బస్కీలు తీస్తాను. జ్వరం ఉంటే ఏమీ చేయను. ఇవి రాసి ఉన్నందువల్ల ఆ రాత్రి నిర్ణయం తీసుకోవలసిన పని ఉండదు. అలసిపోయిన మనిషి చేతికి నిర్ణయాలు ఇవ్వకూడదు.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది మీద చూశారు. ఒక పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే కుదిరితే, మరికొందరి లెక్క 254 దాకా వెళ్లింది. మంచినీళ్లు తాగడం లాంటి తేలిక పనులు త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం ఏమీ లేదని కూడా తేలింది. ‘నిన్న తప్పింది కదా, ఇక వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మొదలుపెడదాం’ అనేవారు ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి.

బరువు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. జనం మానేసేది చాలావరకు ఇక్కడే.

అయిదు కదలికలు చాలు: స్క్వాట్, బల్ల మీద పడుకుని ఛాతీ మీద నుంచి పైకి నెట్టే బెంచ్ ప్రెస్, నేల మీది రాడ్డును నడుము దాకా ఎత్తే డెడ్‌లిఫ్ట్, నిలబడి తల మీదికి ఎత్తే ప్రెస్, వంగి కడుపు వైపు లాగే రోయింగ్. ఒక్కో రోజుకు మూడు చొప్పున మార్చి మార్చి చేయండి. ఒక్కొక్కటి మూడు సెట్లు, సెట్టుకు అయిదుసార్లు. డెడ్‌లిఫ్ట్ నడుమును బాగా అలపిస్తుంది, దానికి ఒక్క సెట్టు చాలు. సెట్లకు మధ్య మూడు నిమిషాలు కూర్చోండి. కూర్చోవడం బద్ధకం కిందికి రాదు, శిక్షణలో భాగమే. మొదటి రోజు ఉత్త రాడ్డుతోనే చేయాలి. మగవారి పోటీ రాడ్డు 20 కిలోలు, ఆడవారిది 15. ప్రెస్‌కు అది కూడా బరువైతే తేలిక రాడ్డు అడగండి. సెట్టు ముగిసేసరికి ‘ఇంకో రెండుసార్లు ఎత్తగలను’ అనిపించాలి. ఆ రెండూ మిగిల్చి రాడ్డు దించేయండి.

మొదటి కొద్ది వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలది. ఉన్న కండనే మెదడు బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండ ఆ తర్వాత పెరుగుతుంది. కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు ఇంకా నెమ్మది. అందుకే రెండో నెలలో ‘నాకు భలే బలం వచ్చింది’ అనుకుని ప్లేట్లు ఎక్కించినవాడికి మోచేయి, మోకాలు మొరాయిస్తాయి. బలం ముందు నడుస్తుంటే కీళ్లు వెనక వస్తుంటాయి. వాటికోసం ఆగాలి. నన్నడిగితే ఈ ఆగడానికే అసలు నిగ్రహం కావాలి. చచ్చీచెడీ ఒక్కసారి పెద్ద బరువెత్తడం ఎవరైనా చేస్తారు. ఎత్తగలిగి ఉండి కూడా ఈ రోజుకు ఇంతే అని దించడం చాలామందికి చేతకాదు.

మా దగ్గర చాలా జిమ్ముల్లో అన్నిటికంటే చిన్న ప్లేటు కిలోంబావు, అంటే 1.25 కిలోలు. రెండు వైపులా వేస్తే రెండున్నర కిలోలు ఒక్కసారిగా పెరుగుతుంది. స్క్వాట్‌కు పరవాలేదు గానీ, ప్రెస్‌లో 30 కిలోలు ఎత్తేవాడికి రెండున్నర అంటే మామూలు గెంతు కాదు. అందుకని లేతు షాపుకు వెళ్లి అరకిలో బిళ్లలు కోయించుకున్నాను. కొలతలు రాసుకోండి. 8 మిల్లీమీటర్ల మందం ఇనుము తీసుకోండి. మామూలు జిమ్ రాడ్డుకైతే 30 మిల్లీమీటర్ల రంధ్రం, పదిన్నర సెంటీమీటర్ల వెడల్పు. పోటీల్లో వాడే ఒలింపిక్ రాడ్డుకైతే దాని కొస 50 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి రంధ్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తీయించి, వెడల్పు పదకొండుంబావు పెట్టండి. కోయించాక అంచులు గ్రైండింగ్ పట్టించాలి, లేకపోతే వేళ్లు తెగుతాయి. కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూస్తే నావి ఒకటి 510 గ్రాములు తూగింది, ఇంకొకటి 495. ఆ మాత్రం తేడా భుజానికి తెలియదు. పెద్ద బిళ్ల మీద పసుపు రంగు చుక్క పెట్టుకున్నాను, ఎప్పుడూ కుడివైపే వేస్తాను.

మొదట్లో జిమ్ కుర్రాడొకడు అవి చూసి, “బాబాయ్, ఇవి ప్లేట్లా, దోసె పెనం మీద మూతలా?” అన్నాడు. నవ్వనిచ్చాను. వారానికి ఒక కిలో చొప్పున ఏడాది పొడవునా పెరిగితే 52 కిలోలు. అంత ఎవరికీ రాదు, మధ్యలో ఆగిపోయే వారాలు ఉంటాయి. అందులో సగం వచ్చినా ఆ ఏడాది బంగారం. ఇప్పుడు ఆ కుర్రాడు నా బిళ్లలు అడిగి తీసుకుంటున్నాడు, తిరిగి ఇవ్వడమే కాస్త ఆలస్యం.

చిన్న బరువుల విలువ తెలియాలంటే మన శ్రీకాకుళం ఆడపడుచు సంగతే చాలు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 69 కిలోల శరీర బరువు విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపున తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 చొప్పున. తేడా రెండున్నర కిలోలు, అంటే మనం చిన్నచూపు చూసే కిలోంబావు ప్లేట్లు రెండు.

పుస్తకం

ఫోనులో యాప్‌లు ఉన్నాయి, తెలుసు. ఫోను తీస్తే మూడు నిమిషాల విశ్రాంతి ముప్పై అవుతుంది. వంద పేజీల నోటుపుస్తకం కొనండి. నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంటుంది: “మంగళవారం. స్క్వాట్ 82: 5, 5, 4. ప్రెస్ 36: 5, 5, 5. నిద్ర అయిదు గంటలు. రాజాం డ్యూటీ, నిలబడే ప్రయాణం.” స్క్వాట్‌లో చివర అయిదుకు బదులు 4 ఎందుకు వచ్చిందో చివరి రెండు మాటలు చెబుతున్నాయి. అవి రాయకపోతే నెల తర్వాత చూసుకుని ‘నా బలం తగ్గిపోతోంది’ అని దిగులుపడేవాణ్ణి. బరువుల పక్కన నిద్ర, ఆ రోజు పని తప్పనిసరిగా రాయండి.

బరువు పెంచాలా వద్దా అన్నది పుస్తకమే చెప్పాలి. మూడు సెట్లూ పూర్తయితే తర్వాతిసారి కిలో పెంచండి. పూర్తికాకపోతే అదే బరువు. వరుసగా మూడుసార్లు పూర్తికాకపోతే పదో వంతు తగ్గించి మళ్లీ ఎక్కండి. ఆ రోజు హుషారుగా ఉందా, నీరసంగా ఉందా అని మనల్ని మనం అడిగి చూసుకోనక్కర్లేదు. రెండు మూడేళ్లు గడిచాక పెరుగుదల బాగా మందగిస్తుంది. అప్పుడు నెలకు ఒకసారి పెరిగినా సంతోషించాలి. పాత పుస్తకాలు పారేయకండి, అలాంటి రోజుల్లో వాటి అవసరం తెలుస్తుంది.

తోడు, తిండి, నిద్ర

నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే ఊరుంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ముందు కాంస్యం ఇచ్చారు, మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది రజతమైంది. ఆ ఊరి నుంచి లిఫ్టర్లు వస్తూనే ఉన్నారు. అక్కడ పుట్టే పిల్లలకు సంకల్పబలం ప్రత్యేకంగా ఏమీ ఉండదు. పక్కింటి అక్క ఎత్తుతోంది, ఎదురింటి అన్న ఎత్తుతున్నాడు, తాను కూడా ఎత్తుతుంది. మీకు అలాంటి ఊరు లేకపోతే ఒక్క మనిషిని వెతుక్కోండి. మీకంటే బలవంతుడు కానక్కర్లేదు, వేళకు వచ్చేవాడైతే చాలు.

తిండి గురించి రెండే ముక్కలు. శరీరం బరువులో కిలోకు 1.6 గ్రాముల మాంసకృత్తులు లక్ష్యంగా పెట్టుకోండి. 70 కిలోల మనిషికి అది 112 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు, వంద గ్రాముల చేప ముక్కకు ఇరవై, వంద గ్రాముల ఉలవలకు ఇరవై రెండు, పెద్ద గ్లాసు పాలకు ఎనిమిది. చోడి (రాగి) అంబలి పొద్దున్నే తాగితే హాయిగానే ఉంటుంది గానీ, దాన్నే కండకు చాలిన తిండి అనుకోకండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ లెక్క పాటించకూడదు. నలభై దాటినవారు మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకోవాలి. నిద్ర ఏడు గంటలకు తగ్గకుండా చూసుకోండి, నా పుస్తకంలో అయిదు అని రాసిన రోజులు ఆదర్శం కావు.

కండ సలపడం మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలులో సూదితో పొడిచినట్టు కలుక్కుమంటే రాడ్డు అక్కడే దించాలి. దాన్ని ఓర్చుకోవడం వీరత్వం అని ఎవరైనా చెబితే, వాళ్లు మీ ఆస్పత్రి బిల్లు కట్టరని గుర్తుంచుకోండి.

తప్పిపోయే వారాలు

విజయనగరంలో దసరా వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. జిల్లా అంతా ఊరి మీదికి వస్తుంది. స్పెషల్ బస్సులు, డబుల్ డ్యూటీలు, కాలు పెట్టే చోటు ఉండదు. ఆ వారం పెద్ద బరువుల జోలికి వెళ్లాలనుకోవడమే తెలివితక్కువ. నేను ఏడాది మొదట్లోనే క్యాలెండరు ముందు పెట్టుకుని అలాంటి వారాలకు గీత గీస్తాను. ఎలాగూ ఏడెనిమిది వారాలకు ఒకసారి బరువులు సగానికి తగ్గించి ఒంటికి ఊపిరి తిప్పుకునే వ్యవధి ఇవ్వాలి. ఆ వ్యవధిని పండుగలో కలిపేస్తే రెండూ గడిచిపోతాయి.

క్యాలెండరులో లేనివి కూడా వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా అత్తవారి ఊళ్లో జీడిచెట్లు, కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కరెంటు లేదు, దారి లేదు. అలాంటప్పుడు వ్యాయామం గురించి ఆలోచించేవాడెవడు? ఆలోచించనక్కర్లేదు కూడా. రెండు మూడు వారాలు ఆగితే బలం పెద్దగా తగ్గదు. నెలల తరబడి ఆగినా, కొత్తగా సంపాదించడానికి పట్టినంత కాలం తిరిగి సంపాదించడానికి పట్టదు. ఒకసారి పెరిగిన కండ ఆ దారి మరిచిపోదు.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు మాత్రం లెక్క తప్పకండి. రెండు వారాల లోపు విరామమైతే పాత బరువులో పదో వంతు తగ్గించండి. నెల దాటితే మూడో వంతు తగ్గించాలి. ఆరు నెలలైతే సగంతో మొదలుపెట్టి, వారానికి రెండున్నర కిలోల చొప్పున ఎక్కండి, అప్పుడు కిలోంబావు ప్లేట్లే చాలు. మొదటి రోజు చాలా తేలికగా ఉంటుంది, ఇంకా వేయమని చేతులు తొందరపెడతాయి. ఒక్క సెట్టు కూడా ఎక్కువ వేయకండి. స్క్వాట్ అలవాటు తప్పిన తొడలు రెండో రోజున మెట్లు దిగనివ్వవు, కండక్టరుకైతే బస్సు మెట్లు రోజంతా ఎక్కి దిగేవే.