డ్రోసోఫిలా ఈగలను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెంచి కొలిచే ముందు జాగ్రత్తలు

డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అనే పండ్ల ఈగను 18, 25, 29 డిగ్రీల సెల్సియస్ వద్ద పెంచి, రెక్క పొడవు, పొట్ట రంగు ఎలా మారతాయో కొలవబోయే విద్యార్థులు గుడ్లు సేకరించక ముందే వీటిని సరిచూసుకోవాలి.

• ప్రతి వయల్‌లో (ఈగలను పెంచే చిన్న సీసాలో) గుడ్లను లెక్కపెట్టి, ఒకే సంఖ్యలో వేయండి. లార్వాలు కిక్కిరిస్తే తిండి చాలక ఈగలు చిన్నవిగా వస్తాయి. ఆ మార్పు ఉష్ణోగ్రత వల్ల వచ్చిందో, ఆకలి వల్ల వచ్చిందో ఆ తరువాత ఏ గణాంక పద్ధతీ తేల్చలేదు, నెలల శ్రమ వృథా అవుతుంది.

• బయట పట్టిన ఈగలను కనీసం రెండు తరాలు ఒకే ఉష్ణోగ్రతలో పెంచండి, ఎందుకంటే తల్లి పెరిగిన పరిస్థితుల ప్రభావం పిల్లల మీదా ఉండవచ్చు.

• ఒక్కో వంశపు గుడ్లను మూడు ఉష్ణోగ్రతలకూ పంచండి. లేదంటే జన్యు భేదాన్నే పరిసరాల ప్రభావమని పొరబడతాం.

• ఇంక్యుబేటర్ తలుపు మీది అంకెను నమ్మకుండా, వయల్స్ పక్కనే థర్మామీటర్ ఉంచండి.

• తేదీని బట్టి కాక ఈగ వయసును బట్టి కొలవండి. గుడ్డు ఈగ కావడానికి 25 డిగ్రీల వద్ద సుమారు 10 రోజులు, 18 వద్ద దాదాపు రెట్టింపు పడుతుంది. అప్పుడే బయటికి వచ్చిన ఈగ పాలిపోయి, రెక్కలు ముడుచుకుని ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకుంటే చలిలో పెరిగిన ఆడ ఈగల పొట్ట మీది నలుపు తక్కువగా నమోదవుతుంది.

• ఆడ ఈగలు పెద్దవి కనుక ఆడ, మగ కొలతలను కలపకండి.

• కొలిచేవారికి వయల్ మీది ఉష్ణోగ్రత కనిపించకుండా సంకేత సంఖ్యలు మాత్రమే రాయండి.