దివ్యాంగుల సంపాదన, స్వతంత్ర జీవనం: కుటుంబం ఎక్కడ మొదలుపెట్టాలి

ఎవరిమీదా ఆధారపడకుండా బతకడాన్ని మనం ‘సొంత కాళ్లమీద నిలబడటం’ అంటాం. చక్రాల కుర్చీలో తిరిగే మనిషి ముందు ఈ మాట అన్నాక ఇతరులు నాలుక కరుచుకుంటారు గానీ, ఆ మనిషి మాత్రం నవ్వుతూనే వాడుకుంటాడు. పుట్టుకతో చూపు లేని మా తమ్ముడు ఇప్పుడు ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతున్నాడు. అక్కడి దాకా రావడానికి మాకు పట్టిన కాలంలో సగం అతనికి నేర్పడానికి కాక, మేం మా అలవాట్లు మానుకోవడానికే సరిపోయింది. అందుకే ఈ మార్గదర్శిని ప్రధానంగా కుటుంబ సభ్యుల కోసం రాస్తున్నాను.

పథకాల జాబితా వెతకడానికి ముందు ఒక పూర్తి రోజు మీ ఇంట్లోని దివ్యాంగుణ్ని గమనించండి. ఒక కాగితం మీద మూడు వరుసలు గీసి, తానే చేసుకునే పనులు ఒకదానిలో, సాయం ఉంటేనే జరిగే పనులు మరొకదానిలో, తాను చేయగలిగినా ఇంట్లోవాళ్లు చేసిపెట్టే పనులు మూడోదానిలో రాయండి. మా తమ్ముడి విషయంలో మూడో వరుసలో కంచంలో అన్నం కలపడం మొదలుకొని సెల్‌ఫోన్ రీచార్జి దాకా పదకొండు పనులు తేలాయి; వాటిలో ఒక్కదానికీ కళ్లు అవసరం లేదు. ఈ మూడో వరుసను వారానికి ఒక పని చొప్పున ఖాళీ చేయండి. మొదట్లో ఆలస్యమవుతుంది, నాలుగు మెతుకులు కింద పడతాయి, అమ్మ మనసు ఒప్పుకోదు. అయినా చేయి అడ్డం పెట్టకుండా ఉండటం నేర్చుకోవాలి.

దీనితో పాటే కాగితాల పని మొదలుపెట్టాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రిజర్వేషన్ల వంటి ముఖ్యమైన ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లో దీన్ని వాడుకలో సదరం సర్టిఫికెట్ అంటారు. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో స్లాటు తీసుకుని, చెప్పిన రోజున ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగే శిబిరానికి వెళ్లాలి. దేశమంతటా చెల్లే యూడీఐడీ (దివ్యాంగుల విశిష్ట గుర్తింపు) కార్డు కూడా తీసుకోండి. సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి, అది శాశ్వతమా, తాత్కాలికమా అన్నది కూడా గమనించండి. మాకు ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినందుకు రుణ దరఖాస్తు ఐదు నెలలు ఆగిపోయింది.

ఇక పింఛను సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగులకు నెలకు రూ.6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పూర్తి వైకల్యం ఉన్నవారికి రూ.15,000 ఇస్తున్నారు, తెలంగాణలో 2023లో పెంచిన తర్వాత అది రూ.4,016 అయింది. ఎంత వస్తుందన్నదానికంటే ఎవరి చేతికి వస్తుందన్నదే నా దృష్టిలో పెద్ద ప్రశ్న. పింఛను డబ్బు నేరుగా ఇంటి ఖర్చులో కలిసిపోతే ఆ మనిషికి డబ్బు లెక్క ఎన్నటికీ తెలియదు. అతని పేరున అతనొక్కడే నడుపుకునే ఖాతా తెరిపించండి. చూపు లేనివారికి ఉమ్మడి ఖాతా అయితేనే ఇస్తామని మాకు ఒక బ్యాంకు శాఖలో చెప్పారు. అయితే చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు సహా ఏ సదుపాయాన్నీ చూపు లేదన్న కారణంతో నిరాకరించరాదని రిజర్వు బ్యాంకు 2008లోనే బ్యాంకులన్నిటినీ ఆదేశించింది. ఆ సంగతిని రాతపూర్వకంగా మేనేజరు ముందు పెట్టిన తర్వాతే మాకు ఖాతా దొరికింది. పని మొదలుపెడితే పింఛను పోతుందన్న భయంతో చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు. పింఛనుకు ఆదాయ, ఉద్యోగ నిబంధనలు ఉన్న మాట నిజమే గనుక వాటిని ముందుగానే సచివాలయంలోనో ఎంపీడీఓ కార్యాలయంలోనో అడిగి, రాసుకుని, ఆ తర్వాత సంపాదన లెక్క వేసుకోండి.

ఏ పని ఎంచుకోవాలన్న దగ్గర మంచి మనసున్నవాళ్లు కూడా తప్పు చేస్తారు. దివ్యాంగులనగానే కొవ్వొత్తులు, అగరుబత్తీలు, కాగితపు సంచులు అంటారు. నెలరోజుల శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి, ఫొటో తీసి పంపిస్తారు. సరుకు కొనేవాడెవరని మాత్రం ఎవరూ అడగరు. ముందుగా ఆ మనిషికి ఏ పని మీద మనసుందో అడిగి, తర్వాత ఊళ్లో జనం రోజూ దేనికి డబ్బు ఖర్చు పెడుతున్నారో చూసి, ఆ రెండూ కలిసే చోట ఏ అడ్డంకి ఉందో, దాన్ని ఏ పరికరంతో, ఏ చిన్న మార్పుతో తొలగించవచ్చో ఆలోచించాలి.

మా తమ్ముడి కొట్టులో అడ్డంకి నోట్ల దగ్గర వచ్చింది. నాణేలను వేళ్లతో పోల్చుకోవడం అతనికి కష్టం కాలేదు. కొత్త నోట్లలో రూ.100 నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రూ.200 నోటు 146, రూ.500 నోటు 150. వెడల్పు మూడింటికీ ఒకటే. అంటే రెండువందల నోటుకూ ఐదువందల నోటుకూ మధ్య తేడా 4 మిల్లీమీటర్లు మాత్రమే. అందుకని ఒక అట్టముక్కను ఐదువందల నోటు పొడవుకు కత్తిరించి, మిగిలిన రెండు నోట్ల పొడవు దగ్గర గాట్లు పెట్టుకున్నాడు. నోటును అట్టకు ఆనించి, అంచు ఏ గాటు దగ్గర ఆగిందో బొటనవేలితో తడిమి చెప్పేస్తాడు. సందేహం వస్తే రిజర్వు బ్యాంకు 2020లో విడుదల చేసిన మణి అనే యాప్‌లో ఫోన్ కెమెరా ముందు నోటు పెడితే అది ఎంత నోటో పలుకుతుంది. ఇప్పుడు సగం మంది క్యూఆర్ కోడ్‌తోనే చెల్లిస్తున్నారు; ఎంత జమైందో బల్ల మీది సౌండ్‌బాక్సు పైకి చెబుతుంది. ఆ పెట్టెను తయారుచేసినవాళ్లు చూపు లేనివారిని తలచుకుని చేశారని నేననుకోను గానీ, అతనికి దానికి మించిన గుమస్తా లేడు.

పెట్టుబడికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకాన్ని పరిశీలించండి. ఇందులో దివ్యాంగులు ప్రత్యేక వర్గం కింద వస్తారు కాబట్టి సొంత వాటా 5 శాతం పెడితే చాలు. సబ్సిడీ పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం. ఈ సబ్సిడీ చేతికి రాదని, మూడేళ్లపాటు బ్యాంకులోనే మీ పేరున డిపాజిట్‌గా ఉండి ఆ తర్వాత రుణ ఖాతాలో సర్దుబాటవుతుందని ముందే తెలుసుకోండి. ఇది తెలియక దళారులకు కమీషన్ ముట్టజెప్పినవారున్నారు. చిన్న మొత్తాలకైతే పొదుపు సంఘమే మేలు. దివ్యాంగుల సంఘానికి పదిమంది ఉండనక్కరలేదు, ఐదుగురు చాలు.

ఉద్యోగం వైపు వెళ్లేవారికి చట్టం గట్టి ఆసరా ఇస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థల సీట్లలో కనీసం 5 శాతం రిజర్వేషన్ ఉంది. రాయలేనివారు పరీక్షలో రాసిపెట్టే సహాయకుణ్ని కోరవచ్చు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడగవచ్చు. ఈ రెండింటినీ దరఖాస్తులోనే కోరాలి, పరీక్ష రోజున అడిగితే గొడవే మిగులుతుంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ కారణంతో తొలగించడానికి వీల్లేదు. 20 మంది లేదా అంతకుమించి సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఇంటర్వ్యూకు ముందు దాన్ని అడిగి చదవండి. చదువులో సైతం అడ్డు తరచుగా నిబంధనల రూపంలోనే వస్తుంది. చూపు లేని పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా ఇంటర్‌లో సైన్సు చదవడానికే కోర్టుకెక్కవలసి వచ్చింది.

ఇల్లు అనుకూలంగా లేకపోతే పైవన్నీ గడప దగ్గరే ఆగిపోతాయి. ర్యాంపుకు లెక్క సులువు: ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. గడప 6 అంగుళాలుంటే 6 అడుగుల ర్యాంపు సరిపోతుంది. అరుగు అడుగున్నర ఉంటే 18 అడుగులు కావాలి. చోటు లేదని మేస్త్రీ దాన్ని నాలుగడుగుల్లో ముగిస్తే, ఎక్కేటప్పుడు వెనక నుంచి నెట్టడానికి ఒకరు, దిగేటప్పుడు పట్టుకోవడానికి ఒకరు కావలసి వస్తుంది. అలాంటిది ఉన్నా లేనట్టే. చోటు చాలకపోతే మధ్యలో చదునైన జాగా వదిలి గోడ వెంట మలుపు తిప్పించండి. తలుపు తీసినప్పుడు 90 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. మన స్నానాల గదుల తలుపులు చాలావరకు రెండున్నర అడుగులే ఉంటాయి, పైగా లోపలికి తెరుచుకుంటాయి. లోపల మనిషి పడిపోతే ఆ తలుపు తెరవడానికే రాదు. దాన్ని బయటికి తెరుచుకునేలా మార్చడం ఒక పూట వడ్రంగి పని.

బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్నవారి విషయంలో దారి పొడవైనదే గానీ పద్ధతి ఇదే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ వీరికి శిక్షణ, సలహా ఇస్తుంది. నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వీరికి ఏటా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. నిర్ణయాలన్నీ సంరక్షకుడికి అప్పగించే ముందు, 2016 చట్టం చెప్పిన పరిమిత సంరక్షణ గురించి న్యాయవాదిని అడగండి. అందులో సంరక్షకుడు ఆ మనిషితో కలిసి నిర్ణయం తీసుకోవాలే తప్ప అతని తరఫున కాదు.

‘మా తర్వాత వీడి గతేమిటి’ అని తల్లిదండ్రులు దిగులుపడతారు. ఆ దిగులును తామున్నప్పుడే పరీక్షకు పెట్టడం మంచిది. మొదట ఒక పూట, తర్వాత రెండు రోజులు, ఆ తర్వాత వారం ఊరు వెళ్లండి. ఇరుగుపొరుగులో ఒకరి నంబరు ఫోన్‌లో పెట్టి, వంట, మందులు, కరెంటు బిల్లు, కొట్టు లెక్క అన్నీ అతనికే వదిలేయండి. మా అమ్మ మొదటిసారి తిరిగొచ్చేసరికి గ్యాస్ అయిపోయి ఉంది. రెండు పూటలు పక్కింటి నుంచి కూర వచ్చిందట. సిలిండరు ఎలా బుక్ చేయాలో మేం అతనికి నేర్పనే లేదని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే నేర్పాం.