పారాథైరాయిడ్ క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు, తర్వాత జాగ్రత్తలు

మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. పేరులో థైరాయిడ్ ఉన్నా వీటి పని వేరు: రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసుకుంటాయి. వీటికి క్యాన్సర్ రావడం బాగా అరుదు. ఈ గ్రంథులు అతిగా పనిచేస్తున్న వాళ్లలో నూటికి ఒక్కరికి కూడా ఉండదు. అందుకే చాలాసార్లు మామూలు గడ్డే అనుకుని కత్తి పెడతారు, క్యాన్సరని తర్వాత రిపోర్టులో తేలుతుంది. చిక్కంతా అక్కడే. దీనికి కీమో, రేడియేషన్ పెద్దగా పనిచేయవు. మొదటి ఆపరేషన్‌లోనే గడ్డ చిట్లకుండా, చుట్టూ అంటుకున్న కణజాలంతో సహా ఒకే ముద్దగా బయటికి రావాలి.

రక్తంలో కాల్షియం 14 mg/dL దాటినా, పీటీహెచ్ (ఈ గ్రంథులు విడుదల చేసే హార్మోన్) ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లున్నా, మెడలో గడ్డ చేతికి తగులుతున్నా, గొంతు బొంగురుపోయినా "ఇది క్యాన్సర్ కావచ్చా?" అని సర్జన్‌ని ముందే అడగండి. మొహమాటపడొద్దు. ఇలాంటి కేసులు చేసిన అనుభవం ఉందా అని కూడా అడగొచ్చు.

థైరాయిడ్ గడ్డలకు సూది పరీక్ష మామూలే కాబట్టి, ఇక్కడా ఎవరో ఒకరు అదే రాసిస్తారు. పారాథైరాయిడ్ క్యాన్సర్ అనుమానం ఉంటే మాత్రం సర్జన్‌తో మాట్లాడకుండా గుచ్చనివ్వకండి. ఆ పరీక్షలో క్యాన్సరో కాదో సరిగా తేలదు, పైగా సూది దారిలో కణాలు చుట్టుపక్కలకు చేరవచ్చు.

ఆపరేషన్ దాకా అసలు ప్రమాదం రక్తంలో పెరిగిపోయిన కాల్షియంతోనే. ఒంట్లో నీరు తగ్గితే అది ఇంకా పెరుగుతుంది. కిడ్నీ, గుండె జబ్బుల వల్ల డాక్టర్ నీళ్లు తగ్గించమని ఉంటే తప్ప బాగా తాగండి. ఒంటి నొప్పులకని సొంతంగా కాల్షియం, విటమిన్ డి మాత్రలు వేసుకోకండి. బీపీకి థయాజైడ్ మాత్రలు, మానసిక సమస్యలకు లిథియం, గుండెకు డిగాక్సిన్ వాడుతుంటే తప్పకుండా చెప్పండి, మీకు మీరే ఆపేయకండి. వాంతులు, మగత, మాటల్లో తికమక మొదలైతే ఆపరేషన్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. సెలైన్‌తో, ఇంజెక్షన్లతో కాల్షియం దించాకే ఆపరేషన్ చేస్తారు.

గడ్డ ఉన్న వైపు సగం థైరాయిడ్ కూడా తీసేస్తారని తెలుసుకుని వెళ్లండి. గొంతు నరానికి జబ్బు పాకి ఉంటే దాన్నీ తీయాల్సి రావచ్చు, అప్పుడు స్వరం మారుతుంది. కాబట్టి స్వరతంత్రుల పరీక్ష ముందే చేయించుకోవాలి. సంతకం పెట్టే రోజు కాకుండా అంతకుముందే ఈ మాట వింటే టెన్షన్ కొంత తగ్గుతుంది.

ఆపరేషన్ తర్వాత కథ తిరగబడుతుంది. ఇన్నాళ్లూ కాల్షియం పోగొట్టుకున్న ఎముకలు దాన్ని రక్తంలోంచి ఒక్కసారిగా లాగేసుకుంటాయి, దాంతో రక్తంలో కాల్షియం పడిపోతుంది. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లలో చిమచిమ, కండరాలు పట్టేయడం కనిపిస్తే వెంటనే చెప్పాలి. నిన్నటిదాకా వద్దన్న కాల్షియం మాత్రలే ఇప్పుడు రోజూ వేసుకోమంటారు, కంగారుపడకండి. మెడ ఉబ్బి ఊపిరి ఆడకపోతే అది ఎమర్జెన్సీ, నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు.

దాదాపు సగం మందిలో జబ్బు మళ్లీ వస్తుంది, కొందరిలో చాలా ఏళ్ల తర్వాత కూడా. అందుకని కాల్షియం, పీటీహెచ్ పరీక్షలు జీవితాంతం చేయించుకోవాలి. కొన్ని కుటుంబాల్లో సీడీసీ73 అనే జన్యువులో మార్పు వల్ల ఇది వస్తుంది. మీలో ఆ మార్పు బయటపడితే పిల్లలకూ తోబుట్టువులకూ కూడా పరీక్ష చేయించండి.