పాత సైనిక వాహనం పోషణ – 6వ పాఠం: ఇంధన ట్యాంకుకు కాపలా

కిందటి పాఠంలో ట్యాంకులోని తుప్పు వదిలించి, పాడైన గొట్టాలు మార్చుకున్నాం. ఇక అందులో పోసిన ఇంధనం మనకే మిగిలేలా చూడాలి.

సైనిక వాహనాన్ని తాళం వేసుకోవడానికి తయారు చేయలేదు. ఆపద వేళ ఎవరు దగ్గరుంటే వాళ్లు ఎక్కి నడపాలి, చీకట్లో తడుముకుంటూ కూడా ఇంధనం నింపగలగాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు సంగతే తీసుకోండి. ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. మెత్త పైకెత్తితే మూత చేతికి తగులుతుంది. తలుపులు లేవు. తొలి జీపుల స్విచ్చికి తాళంచెవి ఉండేది కానీ తర్వాత దాన్నీ తీసేసి, చేత్తో తిప్పే మీట పెట్టారు. పదిహేను అమెరికన్ గ్యాలన్లు, అంటే దాదాపు 57 లీటర్ల పెట్రోలుకు ఆ మెత్త ఒక్కటే అడ్డు.

తాళాలు కొనే ముందు, ఇంధనం నిజంగా దొంగల పాలవుతోందో, కారిపోతోందో తేల్చుకోవాలి. పాత మీటరు ముల్లును నమ్మి ఎవరినీ అనుమానించకండి. కొలకర్ర చేసుకోండి. రంగు వేయని, ఎండిన సన్నటి చెక్క కర్ర చాలు. ప్లాస్టిక్ వద్దు, దాని మీద స్థిర విద్యుత్తు చేరుతుంది. వాహనాన్ని చదునైన నేల మీద నిలిపి, ఖాళీ ట్యాంకులో ఐదేసి లీటర్లు పోస్తూ, పోసిన ప్రతిసారీ కర్రను అడుగు దాకా దించి, తడి ఆగిన చోట కత్తితో గాటు పెట్టండి. గాట్ల మధ్య ఎడం సమానంగా రాకపోతే కంగారు పడకండి, ట్యాంకు ఆకారం అలాంటిది. ఆ తర్వాత వాహనం నిలిపినప్పుడూ తీసేముందూ కొలిచి, పుస్తకంలో రాసుకోండి. రోజూ కాస్త కాస్త తగ్గుతుంటే కారుతున్నట్టు. ఒక్క రాత్రిలో రెండు మూడు గాట్లు దిగి, కింద నేల పొడిగా ఉంటే, అప్పుడు అనుమానించవచ్చు.

దొంగకు మొదటి దారి మూత. తాళం మూత బిగించడం తేలికే కానీ చాలామంది తప్పటడుగు వేసేదీ ఇక్కడే. ఇంజను ఇంధనం లాగుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. చాలా పాత వాహనాల్లో ఆ గాలి మూతలోని సన్న రంధ్రం గుండానే వస్తుంది. గాలి చొరని తాళం మూత పెడితే కొంత దూరం పోయాక ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. పలుచని రేకు ట్యాంకైతే లోపలికి సొట్టపోయినా ఆశ్చర్యం లేదు. కొత్త మూతతో అరగంట నడిపి, ఇంజను ఆపి, మెల్లగా విప్పి చూడండి. బుస్సుమని గాలి లోపలికి దూసుకుపోతే ఆ మూత మీ బండికి పనికిరాదు.

మూత కింద గొంతులో లోహపు జల్లెడ బుట్ట ఉంటే, దొంగ దించే గొట్టం ట్యాంకు అడుగు దాకా చేరదు. కొన్ని ట్రక్కులకు చెత్త పడకుండా ఇలాంటి బుట్ట మొదటి నుంచీ ఉంటుంది. అది పోగొట్టుకున్నవారు వెతికి తిరిగి పెట్టుకోవడం మేలు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి: వాహనానికి ఉన్న ట్యాంకు మీద డ్రిల్లు, వెల్డింగ్ జోలికి పోవద్దు. నిండు ట్యాంకు కన్నా పెట్రోలు ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం.

రెండో దారి అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గు, అంటే ట్యాంకు ఖాళీ చేసేందుకు విప్పే బిరడా. ఒక స్పానరు, ఒక బకెట్టు ఉంటే చాలు. అదనపు ప్లగ్గు ఒకటి సంపాదించి, దాన్ని బల్ల మీద పట్టుకారులో బిగించి తలకు అడ్డంగా సన్న రంధ్రం వేయండి. అమర్చాక రంధ్రంలో స్టీలు తీగ దూర్చి, రెండు పోగులూ మెలిపెట్టి పక్కనున్న గట్టి భాగానికి కట్టండి. తీగ లాగుడు ప్లగ్గు బిగిసే దిక్కుకే ఉండాలి. ఇది దొంగను ఆపేస్తుందని చెప్పను. తీగను కత్తిరించవచ్చు. కానీ కింద దూరి, చీకట్లో దాన్ని వెతికి కత్తిరించేంత ఓపిక అందరికీ ఉండదు. పైగా తెగిన తీగ పొద్దున్నే మీకు కనిపిస్తుంది.

మూడో దారి గొట్టాలు. అమెరికా సైన్యం వాడిన ఎం35ఏ2 ట్రక్కులో విద్యుత్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. స్విచ్చికి తాళంచెవి లేదు. ఒక గొట్టం ఊడదీసి స్విచ్చి వేస్తే ట్రక్కే దగ్గరుండి దొంగకు ఇంధనం తోడి పెడుతుంది! ఇలాంటి వాహనానికి మూత కన్నా ముందు బ్యాటరీని తెంపే తాళపు స్విచ్చి అవసరం.

జెర్రీక్యాన్‌కు, అంటే అదనపు ఇంధనం మోసే డబ్బాకు, వేరే ఉపాయం కావాలి. ఇరవై లీటర్ల క్యానుకు తాళం వేస్తే దొంగ క్యానునే ఎత్తుకుపోతాడు. అందుకని క్యానును పట్టి ఉంచే చట్రానికి అడ్డుకడ్డీ పెట్టి దానికి తాళం వేయండి. చట్రం బోల్టుల నట్లు బండి లోపలి వైపు తిరిగి ఉండాలి.

దొంగలకు భయపడి ట్యాంకును ఎప్పుడూ అడుగంటేలా ఉంచడం నాకు నచ్చదు. ఖాళీ భాగంలో తేమ చేరి, మనం కిందటి పాఠంలో కడిగిన తుప్పు మళ్లీ మొదలవుతుంది. వీలైతే మూత ఉన్న వైపును గోడకు ఆనించినంత దగ్గరగా నిలపండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఈ వారం పని: కొలకర్ర చేసి, రోజూ రెండు పూటలా కొలత రాయండి. వాహనం కింద దూరి ప్లగ్గు, గొట్టాల కీళ్లు ఎక్కడున్నాయో బొమ్మ గీసుకోండి. 7వ పాఠంలో బ్యాటరీ తాళపు స్విచ్చిని ఎక్కడ, ఏ తీగకు పెట్టాలో చూద్దాం. అప్పుడు ఆ బొమ్మ అవసరమవుతుంది.