ఫ్లాపీ పలకడం లేదా, పాత హార్డ్‌డిస్క్ దొరకడం లేదా? ముందు రిబ్బన్ కేబుల్ చూడండి

కాకినాడ, రాజమండ్రి, భీమవరం పాతసామాన్ల కొట్లలో ఇప్పటికీ అడపాదడపా ఎక్స్‌టీ, 286 పెట్టెలు (తొలితరం పీసీలు) దొరుకుతుంటాయి. ఇంటికి తెచ్చి స్విచ్ వేయగానే "డ్రైవు పోయిందండీ" అనేస్తారు. చాలాసార్లు పోయేది డ్రైవు కాదు.

సమస్య: ఆన్ చేయగానే ఫ్లాపీ లైటు వెలుగుతుంది, ఇక ఆరదు

కేబుల్ తిరగబడింది. 34 తీగల్లో బేసి అంకెలవన్నీ గ్రౌండు, సరి అంకెలవి సిగ్నళ్లు. తిరగేసి గుచ్చితే 1 వెళ్లి 34లో పడుతుంది, సిగ్నళ్లన్నీ గ్రౌండుకి దిగిపోతాయి. డ్రైవు లెక్కలో గ్రౌండయిన తీగంటే "పని చెయ్యి" అనే. అందులో రైట్ గేట్ (డిస్కు మీద రాయమనే సిగ్నల్) కూడా ఉంది కాబట్టి ఆ స్థితిలో పనికొచ్చే డిస్కు లోపల పెట్టకండి.

పవర్ తీసి, ఎర్ర గీత ఉన్న అంచుని 1వ పిన్ను వైపు తిప్పండి. ఐదుంపావు అంగుళాల డ్రైవుకి, బోర్డు అంచున పళ్లలా ఉండే ఎడ్జ్ కనెక్టర్‌లో గాటు ఏ కొసకి దగ్గరగా ఉందో అదే 1వ పిన్ను వైపు. అర నిమిషం పని, ఎవరూ చూడరు!

సమస్య: ఎర్ర గీత సరిగ్గానే ఉంది, అయినా 'A' డ్రైవు వెలగదు; లేదా హార్డ్‌డిస్క్ లేదంటోంది

అసలు దొంగ ఇదే. ఎంఎఫ్ఎం (ఆ కాలపు పీసీల్లోని పాత రకం) హార్డ్‌డిస్క్ కంట్రోల్ కేబుల్‌కీ 34 తీగలే, ఫ్లాపీ కేబుల్‌కీ 34 తీగలే. రెంటికీ చివరి కనెక్టర్ ముందు మెలిక ఉంటుంది. కనెక్టర్లూ ఒకటే, ఒకదాని చోట ఇంకొకటి చక్కగా కూర్చుంటుంది. తేడా అల్లా మెలిక ఏ తీగల మీద ఉందన్నదే: ఫ్లాపీకి 10 నుంచి 16, హార్డ్‌డిస్క్‌కి 25 నుంచి 29.

హార్డ్‌డిస్క్ కేబుల్ ఫ్లాపీకి పెట్టారనుకోండి. డ్రైవుని ఎంచే సెలెక్ట్ తీగలు తిరగవు గనక చివరి డ్రైవు 'A' కాకుండా 'B' అయిపోతుంది. సెటప్‌లో 'A' ఒక్కటే ఉంటే లైటే రాదు. 'B' అని పెడితే లైటొస్తుంది, మోటారు తిరుగుతుంది, డిస్కు మాత్రం చదవదు. ఎందుకంటే 26 (ట్రాక్ 0, అంటే హెడ్డు మొదటి ట్రాకు దగ్గరుందని చెప్పేది), 28 (రైట్ ప్రొటెక్ట్, అంటే డిస్కు మీద రాయకూడదని చెప్పేది) తారుమారయ్యాయి. హెడ్డు 0వ ట్రాకుకి చేరినా కంట్రోలర్‌కి ఆ కబురు అందదు. డిస్కు అంచు గాటుకి టేపు అంటిస్తే (రైట్ ప్రొటెక్ట్ పడుతుంది) ఎర్రర్ తీరు మారిందా? ఇక అనుమానం అక్కర్లేదు, కేబులే.

ఫ్లాపీ కేబుల్ హార్డ్‌డిస్క్‌కి పెడితే అసలు డ్రైవు సెలెక్టే కాదు. జనం "చచ్చింది" అనుకుని డాస్‌లోని డీబగ్ ప్రోగ్రాంలో g=c800:5 కొట్టి లో లెవల్ ఫార్మాట్‌కి (డిస్కుని మొదట్నుంచీ మళ్లీ గీయడానికి) దిగుతారు. కేబుల్ చూడకుండా ఆ పని చేయొద్దు. సరైన కేబుల్ పడ్డాక ఆ ఫార్మాట్ నడిచిందంటే పాత డేటా గోవిందా.

తేల్చుకోవడానికి మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టండి. కంట్రోలర్ కార్డు వైపు 10వ పిన్ను నుంచి చివరి కనెక్టర్ 16కి బీప్ వస్తే ఫ్లాపీది. 26 నుంచి 28కి వస్తే హార్డ్‌డిస్క్‌ది. తేలగానే కేబుల్ మీద మార్కర్‌తో రాసేయండి.

హార్డ్‌డిస్క్ ఒక్కటే ఉండి, సరైన కేబుల్ దొరకకపోతే మెలిక లేని 34 తీగలది చాలు. డ్రైవు నంబరు ఎంచే జంపర్ (పిన్నుల మీది చిన్న తొడుగు) మొదటి స్థానానికి మార్చండి. మెలిక ఉన్నప్పుడు అది రెండో స్థానంలో ఉంటుంది. 20 తీగల డేటా కేబుల్ కార్డు మీద మొదటి డ్రైవు సాకెట్‌లోనే ఉండాలి.

సమస్య: ఎండాకాలం పనిచేసింది, వానల్లో మొరాయిస్తోంది

ఉప్పాడ, అంతర్వేది వైపు ఇళ్లలో ఇది మామూలే. ఉప్పుగాలికి ఎడ్జ్ కనెక్టర్ పళ్లు పచ్చబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మొండి మచ్చ ఉంటే మెత్తటి తెల్ల రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, కనెక్టర్‌ని రెండుమూడుసార్లు తీసి పెట్టండి. గరుకు కాగితం వాడితే బంగారు పూత లేచిపోయి ఇంకా త్వరగా పాడవుతుంది.

ఇందుకోసం మదర్‌బోర్డు బయటికి తీస్తే పీ8, పీ9 పవర్ కనెక్టర్లు తిరిగి పెట్టేటప్పుడు నల్ల తీగలు నాలుగూ మధ్యలో పక్కపక్కన రావాలి. అటూ ఇటూ అయితే బోర్డు కాలిపోవచ్చు.

టెర్మినేటర్ రెసిస్టర్ (కేబుల్ చివరి డ్రైవు మీద పెట్టేది) ఊడిపోవడం, కంట్రోలర్ చిప్పు చావడం ఉంటాయి గానీ అరుదు. పై మూడూ చూశాకే వాటి జోలికి వెళ్లండి.